శస్త్రచికిత్స పిదపను గాలి ఆడని ముక్కు

తపతీతీరమందలి సూరతు నగరములో లింబాయత్ మొదలగు పేటలందు మరమగ్గముల చప్పుడు రేయింబవళ్లు వినవచ్చుచుండును. ఆ మగ్గములపై పనిచేయువారిలో తెలంగాణ జిల్లాలనుండి వలస వచ్చిన పద్మశాలీలు పెక్కుమంది కలరు. వారి బిడ్డలకై నగరపాలక సంఘమువారు తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడుపుచున్నారు.

ఇట్టి కార్మికు నొకనిని ఊహింతము. ముక్కు నడిమి గోడ వంకరగా నున్నదని అతడు శస్త్రచికిత్స చేయించుకొనెను. పది దినముల కూలి పోయెను. మూడు మాసములు గడచినను రాత్రివేళ నోరు తెరువక నిద్రింపలేడు. తెల్లవారుసరికి గొంతు ఎండిపోవును. మరల కోయించుకొమ్మని కొందరందురు; మొదటనే కోయించుకొనకుండ వలసినదని మరికొందరందురు. ఈ రెండు సలహాలును ముక్కులోనికి చూడకయే చెప్పబడినవి.

మొదట కాలమును గూర్చి తెలియవలెను. శస్త్రచికిత్స యైన తొలివారములలో వాపును రక్తపు పక్కులును గాలిదారిని మూయును. నడిమి గోడను మాత్రమే సరిచేసినచో లోపలి వాపు పూర్తిగా తగ్గుటకు కొన్ని మాసములు పట్టవచ్చును. వెలుపలి ఆకారమును గూడ మార్చినచో ఒక సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. అందువలననే అట్టి ముక్కును ఏడాది నిండకముందు మరల తెరచుటకు శస్త్రవైద్యులు సాధారణముగా సమ్మతింపరు. అయితే ఆగని రక్తస్రావము, జ్వరము, ముక్కులోపల నొప్పితో కూడిన ఉబ్బు, తేటనీరు ఎడతెగక కారుట, వీనిలో ఏది కనిపించినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

గడువు తీరినను గాలి ఆడనిచో కారణమును వెదకవలెను. నడిమి గోడ వంకర కొంత మిగిలియుండవచ్చును. గాయము మానునపుడు నడిమి గోడయు పక్కగోడయు ఒకదానికొకటి అతుకుకొనియుండవచ్చును. నడిమి గోడకు చిల్లి పడియుండవచ్చును. రంధ్రమునకు కొంచెము లోపల, గాలిదారి మిక్కిలి ఇరుకైన చోటు ఒకటి కలదు. ముక్కును సన్నగా చేయుటకై అక్కడి మృదులాస్థిని మితిమీరి తీసివేసినచో, గాలి గట్టిగా పీల్చినప్పుడెల్ల పక్కగోడ తడిగుడ్డవలె లోనికి అంటుకొనును. చెంపను వేలితో మెల్లగా ప్రక్కకు లాగినపుడు గాలి సుఖముగా ఆడినచో దోషము అచ్చటనే యుండునేమోయని వైద్యుడు అనుమానించును. ఈ చిన్న పరీక్షయే తీర్పు కాదు.

ఇందొక వింత కలదు. గాలి ఆడుచున్నదను తెలివిడి మనకు ముఖ్యముగా ముక్కులోని పొర చల్లబడుటవలన కలుగును. పుదీనా సత్తు వాసన చూచినపుడు ముక్కు విప్పారినట్లు తోచును. నిజమునకు దారి వెంట్రుకవాసియైన వెడల్పు కాదు. దీనికి విపర్యయముగా, పక్కగోడలనుండి లోనికి వచ్చు టర్బినేటులను మడతలను మితిమీరి కోసివేసినచో దారి విశాలమగును, రోగికి మాత్రము ఊపిరి ఆడుటలేదని తోచును. లోనికి చూచినవారు అంతయు తెరచియే యున్నదందురు. రోగి చెప్పునది అబద్ధము కాదు. అట్టివానికి మరల కోసి దారిని ఇంకను వెడల్పు చేసినచో బాధ పెరుగును.

శస్త్రముతో సంబంధము లేని కారణములును కలవు. నూలుపొట్టు, దుమ్ము పడనివారికి నడిమి గోడ ఎంత తిన్నగా నున్నను పొర ఉబ్బుచునే యుండును. వారికి మగ్గమువద్ద మూతికి ముసుగు, కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుగుకొనుట, వైద్యుడు వ్రాసిన మందు తుంపరలు మేలుచేయును. ముక్కు బిగిసినదని జైలోమెటజోలిన్ వంటి చుక్కలను వారమునకు మించి వేసికొన్నచో ఆ చుక్కలే బిగింపును తెచ్చును. ఆరోగ్యవంతుని ముక్కులోనైనను రెండు రంధ్రములు కొన్ని గంటల కొకమారు వంతులవారిగా బిగియుచుండును. అది రోగము కాదు.

ఆకారమునకును శ్వాసకును గల సంబంధము మన పూర్వులకు తెలియును. సుశ్రుతసంహితలో తెగిన ముక్కును చెంపచర్మముతో మరల కట్టు విధానముతోపాటు, రంధ్రములు మూసికొనకుండ ఆముదపు కాడవంటి గొట్టములను రెండింటిని అమర్చుటయు చెప్పబడినది. పుణె ప్రాంతమున కవాస్జీ అను బండివానికి నుదుటిచర్మముతో ముక్కు కట్టిన వృత్తాంతమును 1794లో లండనులోని జెంటిల్మన్స్ మాగజైను ప్రకటించెను. 1814లో జోసెఫ్ కార్ప్యూ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు అక్కడ ఆ పద్ధతిని అవలంబించెను.

రెండవ శస్త్రచికిత్స మొదటిదానికంటె కష్టతరము. గాయపు మచ్చలవలన పొరలు సులభముగా విడివడవు. మృదులాస్థి చాలనిచో చెవినుండియో ప్రక్కటెముకనుండియో తీయవలసి వచ్చును. కావున సూరతులోని కొత్త సివిల్ ఆసుపత్రికిగాని నగరపాలక సంఘమువారి స్మిమేర్ ఆసుపత్రికిగాని పోయి, చెవి ముక్కు గొంతు విభాగమున ఎండోస్కోపుతో ముక్కును చూపించుకొనవలెను. అవసరమైనచో వైద్యుడు సీ.టీ. స్కాను వ్రాయును. మొదటి శస్త్రచికిత్స కాగితములను తప్పక వెంట తీసికొనిపోవలెను. ఏ భాగము ఎంత తీసివేయబడినదో వానిలోనే యుండును. కాగితములు లేనిచో చికిత్స చేసిన ఆసుపత్రిని నకలు అడుగవచ్చును. గుజరాతీగాని హిందీగాని చక్కగా రానివారు, బడిలో ఆ భాషలు నేర్చిన కొడుకునో కూతురునో తోడు తీసికొనిపోయి, రాత్రి ఏ వైపు బిగియుచున్నదో, మగ్గము మాని ఇంట నున్న దినమున ఎట్లుండునో చెప్పించుట మంచిది. ఆ రెండవ ప్రశ్నకు వచ్చు జవాబునుబట్టియే కొందరికి శస్త్రము అక్కరలేదని తేలును.