రక్షణపంక్తి నాయకురాలు

చేను పండినప్పుడు పైరును మెచ్చుకొనువారే కాని, దానిని కాచిన కంచెను తలచువారు అరుదు. ఫుట్‌బాల్ ఆటయందును ఇట్లే జరుగుచుండును. బంతిని గోలులోనికి కొట్టిన ఆటగానిని జనులు భుజములపై ఎత్తుకొని ఊరేగింతురు. తమ వైపున గోలు పడకుండ ఆట సాగినంతసేపును కావలి కాచిన డిఫెండరు పేరు పలువురికి తెలియదు. అట్టి కావలి పనియందే దాదాపు ఇరువది యేండ్లు గడపి, అమెరికా మహిళా జట్టునకు నాయకత్వము వహించిన క్రీడాకారిణి క్రిస్టీ రాంపోన్.

భారతదేశమున ఫుట్‌బాల్ అని పిలుచు ఆటను అమెరికాలో సాకర్ అందురు. ఒక్కొక్క జట్టున పదునొకండు మంది ఉందురు. వారిలో గోల్‌కీపరునకు ముందు నిలిచి ఎదుటివారిని అడ్డగించువారు డిఫెండర్లు. ఈ పనికి బలము మాత్రమే చాలదు. ప్రత్యర్థి బంతితో వచ్చునప్పుడు తొందరపడి కాలు చాచిన డిఫెండరును అతడు సులభముగా దాటిపోవును. కావున నేర్పరియైన డిఫెండరు బంతికిని గోలునకును నడుమ నిలిచి, ఒక్కొక్క అడుగే వెనుకకు వేయుచు, ప్రత్యర్థిని మైదానపు అంచువైపునకు మళ్లించును. అచ్చటినుండి గోలు కొట్టుట కష్టము. ఇంతలో తోడివారు వచ్చి చేరుదురు.

ఈ ఆటలో ఆఫ్‌సైడ్ అను నియమము కలదు. దాని ప్రకారము, బంతిని అందించు క్షణమున ఎదుటి జట్టు డిఫెండర్ల వరుసను దాటి, బంతికన్న ముందుగా పోయి గోలువద్ద నిలిచిన ఆటగాడు ఆ బంతిని ఆడరాదు. అందుచే డిఫెండర్లందరును ఒకే వరుసలో, ఒకే మనస్సుతో కదలవలెను. ఒక్కరు వెనుకబడినను ప్రత్యర్థికి దారి దొరకును. ఆ వరుసను కేకలతోను సైగలతోను నడుపువారు మధ్య డిఫెండర్లు. రాంపోన్ పేరు గడించినది ఆ స్థానముననే.

ఆమె 1975వ సంవత్సరము జూన్ 24వ తేదీన ఫ్లారిడా రాష్ట్రమందలి ఫోర్ట్ లాడర్‌డేల్ నగరమున జన్మించెను. పుట్టినింటి పేరు పియర్స్. న్యూజెర్సీ సముద్రతీరమున గల పాయింట్ ప్లెజెంట్ అను ఊరిలో పెరిగెను. మన్‌మత్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచు బాస్కెట్‌బాల్, సాకర్ ఆటలు రెండింటియందును రాణించెను. సాకర్‌లో అప్పుడామె పని గోళ్లు కొట్టుటయే. కాని 1997లో జాతీయ జట్టున చేరినపుడు శిక్షకుడు టోనీ డిచికో ఆమెను రక్షణపంక్తిలో నిలిపెను. చప్పట్లు తెచ్చిపెట్టిన విద్యను ప్రక్కన పెట్టి, ఆమె క్రొత్త పనిని మొదటినుండి నేర్చుకొనెను.

1999లో అమెరికా దేశముననే ప్రపంచ కప్ పోటీలు జరిగెను. పాసడీనా నగరమందలి రోజ్ బౌల్ క్రీడాంగణమున 90,185 మంది ప్రేక్షకుల యెదుట అమెరికా జట్టు చైనాను పెనాల్టీ కిక్కులలో ఓడించెను. రాంపోన్ ఆ జట్టులోనిదే. కాని ఆనాటి ఆటలో ఆమెకు మైదానమున దిగు అవకాశము రాలేదు. పెద్దల ఆటను చూచుచు, తన వంతునకై ఆమె వేచియుండెను.

ఆ కాలమున ఆటను జీవనోపాధిగా చేసికొనుట స్త్రీలకు సులభము కాదు. 2001లో ప్రారంభమైన వృత్తి లీగు 2003లో ధనము చాలక నిలిచిపోయెను. 2009లో రెండవ లీగు మొదలు కాగా, రాంపోన్ న్యూజెర్సీకి చెందిన స్కై బ్లూ జట్టున చేరెను. ఆ యేడు పోటీల నడుమ ఇద్దరు శిక్షకులు ఒకరి తరువాత ఒకరు జట్టును విడిచిరి. మూడవ శిక్షకుని వెదకుటకు వ్యవధి లేదు. అప్పుడు ఆ భారము రాంపోన్ పైననే పడెను. ఆటగత్తెయు, శిక్షకురాలును తానే అయ్యెను. దీనికి తోడు ఆమె అప్పటికి గర్భవతి.

ఏడు జట్లలో నాలుగవ స్థానమున నిలిచిన స్కై బ్లూ జట్టు గెలుచునని తలచినవారు కొద్దిమందియే. తుది పోటీలు మూడును పరుల మైదానములలోనే జరిగెను. వాషింగ్‌టన్ జట్టుపై 2–1, సెయింట్ లూయిస్ జట్టుపై 1–0, లాస్ ఏంజెలిస్ జట్టుపై 1–0 తేడాతో స్కై బ్లూ గెలిచి కప్పును చేకొనెను. మూడు ఆటలలో ప్రత్యర్థులు కొట్టగలిగినది ఒక్క గోలు మాత్రమే. రక్షణపంక్తి విలువను తెలుపుటకు ఇంతకన్న వేరు లెక్క అక్కరలేదు. మరుసటి యేడు మార్చిలో ఆమెకు రెండవ కుమార్తె కలిగెను.

జాతీయ జట్టునకు ఆమె 2008లో నాయకురాలయ్యెను. ఆ యేడు బీజింగ్‌లోను, 2012లో లండన్‌లోను ఆమె నాయకత్వమున అమెరికా ఒలింపిక్ స్వర్ణపతకములు గెలిచెను. అంతకు పూర్వము 2004లో ఏథెన్స్ నగరమున గెలిచిన స్వర్ణముతో ఆమెకు లభించినవి మూడు. అన్నియు విజయములే కావు. 2011 ప్రపంచ కప్ తుది ఆటలో అమెరికా పెనాల్టీ కిక్కులలో జపానునకు ఓడిపోయెను. గోమారులవంటి చిన్న పురుగుల కాటువలన వచ్చు లైమ్ వ్యాధియు ఆమెను బాధించెను. ఈ వ్యాధి కీళ్లనొప్పులను, తీరని అలసటను కలిగించును. అయినను ఆమె ఆటను మానలేదు.

2015లో కెనడా దేశమందలి వాంకూవర్ నగరమున అమెరికా జట్టు మరల జపానుతో తుది ఆట ఆడెను. రాంపోన్‌కు అప్పటికి నలుబది యేండ్లు. 1999 నాటి జట్టులో మిగిలియున్నది ఆమె యొక్కతెయే. ఇప్పుడు వరుసలో మొదట నిలుచువారు చిన్నవారు. ఆమె స్థానము వెలుపలి బెంచి. 86వ నిమిషమున ఆమెను మైదానములోనికి పంపిరి. అమెరికా 5–2 తేడాతో గెలిచెను. ఆబీ వామ్‌బాక్‌తో కూడి ఆమె కప్పును పైకెత్తెను. పదునారేండ్ల క్రిందట తుది ఆటలో మైదానము త్రొక్కని యువతి, ఈసారి కొద్ది నిమిషములైనను ఆడి జట్టుతో గెలుపు పంచుకొనెను.

జాతీయ జట్టు తరఫున ఆమె ఆడిన ఆటలు 311. వానిలో ఆమె కొట్టిన గోళ్లు నాలుగు మాత్రమే. ఆమె ఆపిన గోళ్లెన్నో లెక్క వ్రాసినవారు లేరు. ఆమె వెనుక నిలిచిన గోల్‌కీపర్లకు మాత్రము ఆ లెక్క తెలియును.