చదివిన కథ, చూచిన కథ

అభిమాన నవల చలనచిత్రమైనప్పుడు పాఠకుడు సంతోషించునా, నొచ్చుకొనునా? రెండును జరుగును. టోల్కీన్ ఆంగ్లమున రచించిన ‘ద లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ఇందుకు నిదర్శనము. 1954, 55 సంవత్సరములలో వెలువడిన ఈ అద్భుతకథను పీటర్ జాక్సన్ 2001 నుండి 2003 వరకు మూడు చిత్రములుగా వెలువరించెను. చివరి చిత్రమునకు 11 ఆస్కార్ బహుమతులు లభించినవి. అయినను చిరకాల పాఠకులు కొందరు తృప్తి చెందలేదు.

వారి ఆక్షేపణలను మనము రెండు తెగలుగా విభజింపవచ్చును. మొదటిది, విడిచిన ఘట్టములు. అడవిలో పాటలు పాడుచు తిరుగు టామ్ బొంబడిల్ చిత్రములో కానరాడు. 1981లో బి.బి.సి. 26 భాగములుగా ప్రసారము చేసిన రేడియో నాటకమునందును అతడు లేడు. అతడు లేకున్నను కథ నడచును గనుక పలువురు సరిపెట్టుకొనిరి.

రెండవది, మార్చిన స్వభావములు. లోకమును లోబరచుకొనగల మాయా ఉంగరము చేజిక్కు అవకాశమున్నను వలదనుట నవలలో ఫారమిర్ గొప్పతనము. చిత్రములోనో, అతడు ఉంగరమును మోయువానిని బందీగా కొనిపోయి, పిదపనే విడిచిపెట్టును. ఉంగరపు ప్రలోభబలమును చూపుటకే ఈ మార్పని చిత్రరచయితలు సమర్థించుకొనిరి. పాఠకులకు మాత్రము చిరపరిచితుడైన మిత్రునిపై నింద మోపినట్లు తోచెను.

టోల్కీన్ సైతము 1958లో, తన నవలను చిత్రముగా తీయదలచిన వారి కథాప్రతిని చదివి, పోరాటములపై మక్కువతో కథాహృదయమును విస్మరించిరని ఆక్షేపించెను.

కావున అభిమానుల కోపమును మొండిపట్టుదలయని త్రోసిపుచ్చరాదు. ఘట్టములను కుదించుట మాధ్యమధర్మము. పాత్రశీలమును మార్చుట వేరొక కథ చెప్పుట. ఈ భేదము తెలిసి చూచినచో, చిత్రమును మెచ్చుకొనుటకును గ్రంథమును మరల తెరచుటకును మనకు అడ్డుండదు.