పుచ్చిన మ్రానిలోని పురుగులు



మన కృష్ణా డెల్టాలో, కాలువగట్టునగాని తోటలోగాని కుళ్లుచున్న దుంగ లేని యూరు అరుదు. దాని బెరడు ఊడదీసి చూచినచో నలుసులవంటి పురుగులు కదలాడుచుండును. వీనిని, కఱ్ఱనంటిన తక్కిన పురుగులను గూడ మనవారు పుచ్చు పురుగులనియే పిలుతురు. ఆ యొక్క పేరు క్రింద మూడు వేర్వేరు జాతులు కలవని మనవి చేయుచున్నాను. వీనిని గుర్తింపనిచో, కీడు చేయనిదానిని కాల్చి, చేయుదానిని పెంచినవార మగుదుము.

మొదటిది ఈకరెక్కల పురుగు. ప్రపంచమందంతటను గల యీ కుటుంబములోని పురుగుల పొడవు సాధారణముగా ఒక మిల్లీమీటరునకు మించదు. పెంకుపురుగులన్నిటిలో మిక్కిలి చిన్నదియు దీనిలోనిదే. దాని పొడవు మిల్లీమీటరులో మూడవవంతు మాత్రమే. దీని రెక్క పలుచని పొర కాదు. నడుమ నొక యీనె, ఇరువైపుల వెండ్రుకల కుచ్చు. అయినను, తనకు మూడురెట్లు పెద్దవైన పురుగులతో సమానముగా ఎగురగలదని 2022లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. దేహము చిన్నదగుటచే ఆడుది ఒకమారు ఒక్క గ్రుడ్డునే పెట్టును. ఇది కఱ్ఱను తినదు. కుళ్లిన కఱ్ఱపై బూజును, బూజు బీజములను తినును. దీనివలన మనకు నష్టము లేదు.

రెండవది ఇండ్లలోని వాసములను, వెదుళ్లను పిండిచేయునది. ఇది కుళ్లిన కఱ్ఱను కోరదు. ఎండిన కఱ్ఱలోని గంజిపదార్థము దీని యాహారము. నఱికిన వెదుళ్లను కొన్ని వారములు నీట నానవేయు మన పెద్దల యాచార మిందులకే. నీటిలో ఆ పదార్థము తగ్గిపోవును. పురుగునకు తిండి కఱవగును.

మూడవది కొమ్ముపురుగు. పెద్దదైన పిదప కొబ్బరిమొవ్వును తొలిచివేయును. విచ్చుకొన్న ఆకు కత్తెరతో కోసినట్లు కనబడినచో అది దీని పనియే. దీని పిల్లలు మాత్రము కుళ్లిన కొబ్బరిదుంగలలోను, ఎరువుకుప్పలలోను పెరుగును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మీరెఱుగుదురు. అట్టి గాలివానల పిదప కూలిన కొబ్బరిచెట్లను తోటలోనే విడుచుట కొమ్ముపురుగునకు పురిటిల్లు కట్టించి యిచ్చుటయే.

కావున దుంగను కాల్చుటకు ముందు చీల్చి చూడుడు. బొటనవ్రేలంత లావుగా, వంగియున్న తెల్లని పిల్లపురుగులున్నచో వానిని ఏరి చంపి, దుంగను తగులబెట్టుడు. ఎరువుకుప్పలను గూడ అప్పుడప్పుడు తిరుగవేయుడు. కొబ్బరి తోటలకు దూరముగా నున్న మోడులో నలుసులవంటివే యున్నచో దాని నట్లే విడువుడు. బూజు దానిని మెల్లమెల్లగా మన్ను చేయును. ఆ మన్ను మన పొలమునకే చేరును.