పోర్షే 911 డకార్: తారు రోడ్డుకు ఏ టైరు మేలు?

పోర్షే 2022లో ఆవిష్కరించిన 911 డకార్ ఇసుకలోనూ, కంకర దారిలోనూ పరుగెత్తగల స్పోర్ట్స్ కారు. దీనికి కంపెనీ అమర్చినవి 9 మిల్లీమీటర్ల లోతు గాళ్లున్న పిరెల్లీ ఆల్-టెర్రైన్ టైర్లు. మెత్తటి నేలలో వీటి ఎత్తైన రబ్బరు దిమ్మెలు మట్టిని పట్టి కారును ముందుకు నెడతాయి.

తారు మీద బ్రేకు వేసినా, మలుపు తిరిగినా అవే దిమ్మెలు వంగుతాయి. అందువల్ల స్టీరింగ్ స్పందన మందగిస్తుంది, రబ్బరు వేడెక్కుతుంది. ఈ టైర్ల కారణంగానే గరిష్ఠ వేగాన్ని గంటకు 240 కిలోమీటర్లకు పరిమితం చేశారు.

రోడ్డు టైర్లలో దిమ్మెలు పొట్టిగా ఉంటాయి, తారును తాకే రబ్బరు ఎక్కువ. కాబట్టి కారు తక్కువ దూరంలో ఆగుతుంది. రాళ్ల దారిలో మాత్రం ఇవి సులువుగా తెగుతాయి. మీ కారు ఎక్కువగా తారు మీదే తిరిగితే, కంపెనీ ఆమోదించిన రోడ్డు టైర్లే సురక్షితం.