పుట్టిన నాటి టీకా – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

నంద్యాల జిల్లా కోయిలకుంట్ల ప్రాంతపు గ్రామములలో 'కామెర్లు రాకుండ మీరు ఏమి చేయుచున్నారు?' అని మేము పంచాయతీ సభ్యులను అడిగినప్పుడు, 'నీళ్ల ట్యాంకులో బ్లీచింగు పొడి కలిపించుచున్నాము' అని వారు బదులు చెప్పుచుందురు. అది మంచి పనియే. కాని కామెర్లన్నియు ఒక్క తీరువి కావు. కలుషితమైన నీటివలన వచ్చునవి కొన్ని. రక్తము ద్వారా సోకునవి మరి కొన్ని. ఈ రెండవ కోవలోనిది హెపటైటిస్-బి. దీనిని బ్లీచింగు పొడి ఆపజాలదు, టీకా ఆపగలదు.

కానరాని శత్రువు

ఈ వ్యాధిని కలిగించు వైరసు కాలేయమున చేరును. ఒకరికి వాడిన సూదిని మరియొకరికి వాడుట, క్షౌరపు కత్తి, పచ్చబొట్టు సూది వీనివలన ఇది సోకవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగ, కాన్పు సమయమున తల్లినుండి బిడ్డకు సోకును. పెద్దవారికి సోకినచో నూటికి తొంబదియైదుగురికి పైగా తమంతట తామే కోలుకొందురు. పసరు మందుకు, చేతిమీది వాతకు దక్కిన పేరు చాలవరకు ఇట్లు వచ్చినదే! పుట్టుకతో సోకిన శిశువుల గతి వేరు. వారిలో నూటికి సుమారు 90 మందిలో ఆ వైరసు దీర్ఘకాలము నిలిచిపోవును. బిడ్డ ఆరోగ్యముగనే పెరుగును, సేద్యము చేయును, సంసారము నడుపును. తీరా ఇంటికి ఆధారమైన వయస్సులో కాలేయము గట్టిపడుటయో, కాన్సరు సోకుటయో సంభవింపవచ్చును. అప్పుడు ఏ పసరును పనిచేయదు.

టీకా తయారగు విధము

తొలుత, 1981లో అమెరికాలో అనుమతి పొందిన టీకాను, ఈ వ్యాధి గలవారి రక్తమునుండి వైరసు పైపొరను వేరుచేసి తయారుచేసెడివారు. అట్టి రక్తము కావలసినంత దొరకదు, ఖర్చును అధికము. 1986లో కొత్త పద్ధతి అమలులోనికి వచ్చినది. వైరసు పైపొరను తయారుచేయు జన్యువును మాత్రము తీసి, ఈస్టు అను సూక్ష్మజీవిలో చేర్చుదురు. కల్లును పులియజేయునదియు, రొట్టెను పొంగజేయునదియు ఈస్టు జాతియే. పెద్ద తొట్లలో ఈస్టు పెరుగుకొలది ఆ పైపొర ప్రోటీను కూడ తయారగును. దానిని వేరుచేసి, శుద్ధిచేసి టీకాగా వాడుదురు.

దొంగను ఇంటికి తేకుండ, వాని చొక్కాను మాత్రము కావలి కుక్కకు వాసన చూపుట వంటిది ఈ ఉపాయము. టీకాలో వైరసు లేదు గనుక టీకావలన ఈ వ్యాధి వచ్చుననుట అసంభవము. సూది గుచ్చినచోట నొప్పి, కొందరికి స్వల్పముగ జ్వరము కలుగవచ్చును. అవి త్వరలోనే తగ్గును.

హైదరాబాదులో జరిగిన కృషి

ఒకప్పుడు ఈ టీకా విదేశములనుండి రావలసియుండెను. ఒక్కొక్క మోతాదు వెల వందలాది రూపాయలు. సామాన్య రైతు కుటుంబమునకు అది అందనిది. శ్రీ కె. ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు ఈస్టు పద్ధతిలోనే టీకాను రూపొందించి, 1997లో 'శాన్‌వాక్-బి' అను పేర సుమారు 50 రూపాయల వెలకు విడుదల చేసిరి. భారతదేశమున ఈ పద్ధతిలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా ఇదియే. తరువాత ఇతర సంస్థలును ముందుకు వచ్చుటతో వెల ఇంకను దిగినది. ప్రభుత్వము 2002–03లో కొన్ని ప్రాంతములందు ప్రారంభించి, 2011–12 నాటికి దేశమంతటను శిశువులకు ఉచితముగ ఈ టీకాను అందజేసినది.

ఇరువదినాలుగు గంటలలో

వెల అడ్డు తొలగినది. ఇక మిగిలినది కాలమే. మొదటి మోతాదును బిడ్డ పుట్టిన 24 గంటలలోపల వేయించవలెను. తరువాత 6, 10, 14 వారములలో అయిదు వ్యాధులకు కలిపి వేయు టీకాలో మిగిలిన మోతాదులు అందును. 'పురుడు వెళ్లనిండు', 'టీకాలు వేయు దినము రానిండు' అని మొదటి మోతాదును వాయిదా వేయరాదు. తల్లినుండి సోకిన వైరసు పురుడు వెళ్లువరకు ఆగదు గదా!

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు. మీ వార్డులోని గర్భిణులందరు హెపటైటిస్-బి రక్తపరీక్ష చేయించుకొనునట్లు చూడుడు. తల్లికి వ్యాధి ఉన్నచో బిడ్డకు టీకాతోపాటు మరియొక మందును వెంటనే ఇయ్యవలసియుండును. కాన్పు ఆసుపత్రిలోనే జరుగునట్లు ప్రోత్సహింపుడు. ఇంటివద్ద కాన్పు జరిగినచో నాడే ఆశా కార్యకర్తకు కబురు పంపుడు. తొలికాన్పుకు ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చుట మన ఆచారము గనుక, అట్టి బిడ్డల పేర్లు రెండు ఊళ్ల లెక్కలలోను జారిపోవచ్చును. వారిని ప్రత్యేకముగ గమనింపుడు. టీకా గడ్డకట్టినచో పనికిరాదు; ఎండకాలమని దానిని మంచుగడ్డకు తగిలించి ఉంచరాదు.

ఊరికి రోడ్డు వేయించిన సభ్యుని పేరు పదిమందియు చెప్పుకొందురు. సకాలమున టీకా పడి, రాకుండ పోయిన వ్యాధిని గూర్చి ఎవరును చెప్పుకొనరు. ఆ బిడ్డ నలువది ఏండ్ల వయస్సున కుందూ లోయలోని తన నల్లరేగడి చేనిలో నాగలి పట్టి నిలిచియుండుటయే ఆ సభ్యుని సేవకు సాక్ష్యము.