డయల్-అప్ నెట్ ఎక్కడ ఆగింది? లైనక్స్‌లో నాలుగు మెట్లు

2025 సెప్టెంబర్ 30న అమెరికాలో ఏఓఎల్ తన డయల్-అప్ సర్వీసు ఆపేసింది. ఆ వార్త చూసి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, అప్పట్లో లైనక్స్‌లో నెట్ ఎక్కించలేక వదిలేశాను. మనకి కంప్యూటర్ రాదని ఆ రోజే ఫిక్సయిపోయా" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆదివారం వెళ్ళి అటక మీద నుంచి ఆ కేబినెట్ దించాను. తప్పు దొరికింది. అదేంటో చివర్లో చెప్తా, ముందు వెతికే పద్ధతి చూద్దాం.

డయల్-అప్ అంటే ఒక గొలుసు అన్నమాట. కంప్యూటర్‌కి మోడెమ్ కనబడాలి. మోడెమ్‌కి ఫోన్ లైన్ దొరకాలి. అవతలి సర్వర్ మన పాస్‌వర్డ్ ఒప్పుకోవాలి. తర్వాత అడ్రస్‌లు కుదరాలి. ఇందులో ఎక్కడ తెగినా మనం అనేది ఒకటే మాట, "నెట్ రావట్లేదు" అని. అందుకే కింద నుంచి ఒక్కో మెట్టూ ఎక్కాలి.

మొదటి మెట్టు, మోడెమ్. విండోస్‌లో కామ్ 1 అనే సీరియల్ పోర్టు లైనక్స్‌లో టీటీవైఎస్0. కామ్ 2 అయితే టీటీవైఎస్1. మినికామ్ తెరిచి, సరైన పోర్టు పెట్టి, ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఓకే అని జవాబొస్తే మోడెమ్ మాట్లాడుతున్నట్టే. పర్మిషన్ లేదంటే, డెబియన్, ఉబుంటుల్లో మీ యూజర్‌ని డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి మళ్ళీ లాగిన్ అవ్వండి.

రెండో మెట్టు, ఫోన్ లైన్. నో డయల్‌టోన్ అని వస్తే లైనక్స్‌ని తిట్టకండి. మోడెమ్ వెనక లైన్, ఫోన్ అని రెండు సాకెట్లుంటాయి. గోడ నుంచి వచ్చే వైరు లైన్ అన్నదాంట్లోనే ఉండాలి. మామూలు ఫోన్ తగిలించి టోన్ వినండి. మీకు వినిపిస్తున్నా మోడెమ్ గుర్తుపట్టకపోతే ఏటీఎక్స్3 ఇవ్వండి, టోన్ కోసం చూడకుండా డయల్ చేసేస్తుంది. నో క్యారియర్ అంటే రెండు మోడెమ్‌లకీ మాట కలవలేదని. నంబరు తప్పయినా, లైన్‌లో గరగర ఉన్నా ఇదే వస్తుంది.

మూడో మెట్టు, పీపీపీ. కనెక్ట్ అని వచ్చి కొన్ని సెకన్లకే తెగిపోతోందా? సిస్టమ్ లాగ్‌లో పీపీపీడీ ఏం రాసిందో చదవండి. ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అని ఉంటే, అప్పుడు చూడాలి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. డబ్ల్యూవీడయల్ వాడేవాళ్ళు స్టుపిడ్ మోడ్ ఆన్ చేసి చూడొచ్చు. పేరు అలా ఉంది గానీ పని మంచిదే, లాగిన్ ప్రాంప్ట్ కోసం ఆగకుండా నేరుగా పీపీపీ మొదలుపెడుతుంది.

నాలుగో మెట్టు. కనెక్ట్ అయింది, పేజీలు మాత్రం తెరుచుకోవట్లేదు. ఏదైనా ఐపీ అడ్రస్‌ని పింగ్ చేయండి. అది పలికి, వెబ్‌సైట్ పేరు పలక్కపోతే డీఎన్ఎస్ సమస్య. పీపీపీ ఆప్షన్లలో యూజ్‌పీర్‌డీఎన్ఎస్ ఉందో లేదో చూడండి. ఐపీ కూడా పలక్కపోతే రూట్ చూడండి. ల్యాన్ కార్డుకి పాత డిఫాల్ట్ రూట్ ఉంటే పీపీపీడీ దాన్ని మార్చకుండా వదిలేస్తుంది. ఆ పాతది తీసేసి మళ్ళీ కలపండి.

ఇప్పుడు బాబాయ్ సంగతి. ఆయన వారం రోజులు పాస్‌వర్డ్ మార్చి మార్చి చూశాడట, అంటే మూడో మెట్టు దగ్గర మొదలుపెట్టాడు. కేబినెట్‌లో ఉన్నదేమో విన్‌మోడెమ్. సిగ్నల్ పనంతా ప్రాసెసర్ మీద, విండోస్ డ్రైవర్ మీద వేసే చవక రకం కార్డు. ఎల్ఎస్‌పీసీఐలో పేరు కనిపిస్తుంది, ఏటీ అంటే మాత్రం పలకదు. కొన్ని చిప్‌లకి లైనక్స్ డ్రైవర్లు ఉండేవి, కానీ అవి డౌన్‌లోడ్ చేయాలంటే నెట్ కావాలి! పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టు.

అంటే ఆ వారంలో ఒక్క కాల్ కూడా ఇంటి గడప దాటలేదు. "బాబాయ్, నీకు రాకపోవడం కాదు, ఆ కార్డుకి లైనక్స్ రాదు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను మళ్ళీ నేర్చుకోవచ్చా?" అన్నాడు. వచ్చే వారం లైనక్స్ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తున్నా.

ఈ రోజు మీ వైఫై ఆగినా పద్ధతి ఇదే. పరికరం, లైన్, పాస్‌వర్డ్, అడ్రస్. మెట్లు దాటేయకండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా మరి.