సాగరతీరాన పెళ్లిపందిరి: సహజంగా కనిపిస్తే సరిపోతుందా?

సముద్రం ఎదుట, ఆకుల పందిరి కింద, కొద్దిమంది బంధుమిత్రుల నడుమ పెళ్లి చేసుకోవాలన్న కోరిక గోవా, కోవళం తీరాలకే పరిమితమై లేదు. విశాఖపట్నం, భీమిలి, బాపట్ల దగ్గరి సూర్యలంక తీరాల్లోనూ ఇటువంటి వివాహాలు జరుగుతున్నాయి. ఆడంబరం తగ్గించి, చేతితో చేసిన వస్తువులతో అలంకరించుకోవడం వీటి ప్రత్యేకత. అయితే సముద్రతీరం ఖాళీగా ఉన్న కల్యాణ మండపం వంటిది కాదు. అక్కడ అప్పటికే నివసించే జీవులున్నాయి, జీవనం సాగించే మనుషులున్నారు.

ముహూర్తాలు ఎక్కువగా ఉండే మాఘ, ఫాల్గుణ మాసాల్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు తూర్పుతీరానికి వస్తాయి. రాత్రివేళ ఒడ్డుకు చేరిన తల్లి తాబేలు ఇసుకలో గుంత తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటపడతాయి. రాత్రివేళ నేలకన్నా సముద్రం వైపే వెలుతురు ఎక్కువ కనుక, అవి వెలుగున్న దిక్కుకే నడుస్తాయి. ఒడ్డున విద్యుద్దీపాల తోరణాలు వెలుగుతుంటే దారితప్పి అటే వచ్చేస్తాయి. తల్లి తాబేళ్లు కూడా వెలుతురుకూ సందడికీ బెదిరి, గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవులివి.

తెలుగువారి ముహూర్తాలు తరచుగా అర్ధరాత్రి దాటాక వస్తాయి గనుక ఈ చిక్కు మనకు మరింత ఎక్కువ. ఉదయపు ముహూర్తమో, గోధూళి లగ్నమో కుదిరితే సగం సమస్య తీరినట్లే. రాత్రి ముహూర్తం తప్పనిసరైతే మాంగల్యధారణను ఇసుకకు దూరంగా, ఆరుబయట తోటలో జరుపుకొని, సముద్రం వైపు దీపాలు ఆర్పివేయడం మేలు.

పంచాంగంలో తిథి చూసేవారు పోటు వేళ కూడా చూడాలి. పౌర్ణమి, అమావాస్యల సమీపంలో నీరు మామూలు కన్నా పైకి వస్తుంది. మధ్యాహ్నం నుంచి సాయంకాలం వరకు సముద్రపు గాలి జోరుగా వీస్తుంది. హోమగుండానికి అడ్డుగా తడిక లేకపోతే పురోహితుడికి పొగతోనే సరిపోతుంది.

నిజానికి చేతిపనితో చేసుకునే పెళ్లి మనకు కొత్తేమీ కాదు. సరుగుడు వాసాలు, తాటాకులు, కొబ్బరి మట్టలు, మామిడి తోరణాలు, అడ్డాకు విస్తళ్లు ఒకప్పటి ప్రతి ఊరి పెళ్లిలోనూ కనిపించేవే. అంకుడు కర్ర మీద లక్క పూసి, సహజ రంగులతో ఏటికొప్పాక కళాకారులు చేసే కుంకుమ భరిణెలు అతిథులకు ఇవ్వదగిన కానుకలు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పెడన కలంకారీ అద్దకపు వస్త్రాలు, నరసాపురం స్త్రీలు అల్లే లేసు పందిరికి చక్కగా అమరుతాయి. చేతిపనికి సమయం పడుతుంది కాబట్టి, నెలల ముందే పని అప్పగించడం అవసరం.

ఈ అలంకరణల నడుమ ప్లాస్టిక్ దొంగచాటుగా చేరుతుంది. 2022 జూలై 1 నుంచి అమలులో ఉన్న నిషేధం థర్మకోల్ అలంకరణలకూ, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలకూ, ప్లాస్టిక్ పళ్లాలకూ గ్లాసులకూ వర్తిస్తుంది. శుభలేఖలకూ మిఠాయి పెట్టెలకూ చుట్టే పలుచని ప్లాస్టిక్ పొర కూడా ఇందులో ఉంది. తలంబ్రాల్లో కలిపే థర్మకోల్ పూసల సంగతి మరీ దారుణం. ఇసుకలో పడితే వాటిని ఏరడం ఎవరివల్లా కాదు. పసుపు బియ్యాన్నయితే పక్షులే తినేస్తాయి.

పోటు రేఖ నుంచి నేలవైపు 500 మీటర్ల వరకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి కనుక, పందిరికైనా స్థానిక అధికారులను ముందుగా సంప్రదించాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకుల మోతకు సాధారణంగా అనుమతి ఉండదు. పడవలు దించే దారికీ, వలలు ఆరబెట్టే చోటుకూ కంచె కట్టకుండా, మత్స్యకార గ్రామ పెద్దలతో ముందే మాట్లాడుకోవడం మర్యాద.

పెళ్లి ముగిశాక దండలను సముద్రంలో వదిలేవారుంటారు. పూలు కుళ్లిపోయినా, వాటిని గుచ్చిన ప్లాస్టిక్ దారం మిగిలిపోతుంది. అరటినారతో కట్టిమ్మని పూల దుకాణంలో ముందే చెప్పవచ్చు.